నలభై మూడు దాటింది

ఆ శనివారం ఉదయం కోటేష్ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఖమ్మం నుంచి బస్సు వస్తుంది. అందులోని యాత్రికులు భద్రాచలంలో రాముడి దర్శనం చేసుకుని, గోదావరి వంతెన దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చి, మధ్యాహ్నానికి గుట్టమీది తండాలో అతను నడుపుతున్న ‘అడవి బస’కు చేరుకుంటారు. వేడివేడిగా తింటారు. మంచె మీద కూర్చుని అడవిని చూస్తారు. రాత్రికి కుటీరాల్లో పడుకుని, పొద్దున్నే బాగుందని చెప్పి వెళ్ళిపోతారు. ఇంత సజావుగా ఉన్న పథకాన్ని చూస్తే అనుభవం ఉన్నవాళ్ళు భయపడతారు. కోటేష్ సంతోషపడ్డాడు.

మూడేళ్ళ కిందట అతను మిల్లులో కాంట్రాక్టు పని మానేసి, తండ్రి మంగీలాల్ మొక్కజొన్న వేసుకునే చెలకలో పది కుటీరాలు కట్టాడు. పదింటిలో కలిపి నలభై మంచాలు. మొదటి ఏడు గోదావరి పొంగి వంతెన మూసేశారు, ఆ సీజన్ నీళ్ళపాలైంది. రెండో ఏడు అడవిలో పులి తిరుగుతోందని ఎవరో పుకారు లేపారు. ఆ పులి ఎవరికీ కనబడలేదు, టూరిస్టులు కూడా కనబడలేదు. ఈ ఏడు కూడా ఇంతే అయితే కుటీరాలకు తాళం వేసి మళ్ళీ మిల్లు గేటు ముందు నిలబడాల్సిందే. ఆ సంగతి భార్య హేమలతకు చెప్పాడు. తండ్రికి చెప్పలేదు. చెలకను కొడుక్కు అప్పగించిన రోజు ముసలాయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగని మనిషికి ఇలాంటి జవాబు చెప్పడం చాలా కష్టం.

ఇప్పుడు ఆశంతా సువర్ణ మీదే ఉంది. ఆమె ఖమ్మంలో ఒక ట్రావెల్ ఏజెన్సీకి మేనేజరు. ఇవాళ బస్సుతోపాటు తనే వస్తోంది. ఆమెకు నచ్చితే చలికాలం అయిపోయేదాకా వారం వారం బస్సు వస్తుంది. నచ్చకపోతే ఆ గుట్ట ఎక్కే వాహనం మంగీలాల్ ట్రాక్టరు ఒక్కటే.

కోటేష్ కూడా ఆయుధం లేకుండా లేడు. పోయిన నెల హైదరాబాద్‌లో ‘పర్యాటక రంగంలో సంక్షోభ నిర్వహణ’ అనే ఒక్కరోజు శిక్షణకు వెళ్ళి వచ్చాడు. అక్కడిచ్చిన సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించి ఆఫీసు గదిలో తగిలించాడు. దాని పక్కన ఒక లైఫ్ జాకెట్ కూడా తగిలించాడు.

"గుట్ట మీద లైఫ్ జాకెట్ ఎందుకయ్యా?" అని హేమలత అడిగింది.

"సంక్షోభం చెప్పి రాదు," అన్నాడు కోటేష్.

చెప్పకుండా వచ్చినా నీళ్ళు ఇంత ఎత్తు ఎక్కవని హేమలత అనుకుంది. కాని శిక్షణ పొందిన మనిషితో వాదం పెట్టుకోలేదు.

పొద్దున ఎనిమిది దాటాక సువర్ణ ఫోన్ చేసింది. ఖమ్మంలో ముప్పై ఆరుగురు ఎక్కారని, కొత్తగూడెంలో ఇంకో ఏడుగురు కలిశారని, వెనకాల కారులో మరికొందరు రావచ్చని చెప్పింది. లేదు, కాదు అనే మాటలు కోటేష్ ఆ నెలంతా కట్టిపెట్టాడు. "రానీయండి మేడం" అన్నాడు. వెంటనే వంటమనిషి సుబ్బరత్నానికి ఫోన్ చేశాడు.

సుబ్బరత్నం అప్పటికి భద్రాచలంలో కూరగాయలు, బియ్యం కొనుక్కుని ఆర్టీసీ బస్సెక్కింది. ఆమె ఫోన్ ఒకసారి పప్పు గిన్నెలో పడింది. అప్పటి నుంచి స్పీకర్ పెడితే తప్ప వినబడదు. పెడితే బస్సంతా వినబడుతుంది.

"అక్కా, నలభై మూడైంది!"

"అయ్యో రామా! రాత్రి ముప్పై ఆరే అన్నావుగా తమ్ముడూ!"

"పొద్దటి సంది పెరుగుతనే ఉంది. పైనుంచి ఇంకా వదుల్తనే ఉన్నరు. మధ్యాన్నానికి నలభై ఎనిమిది దాటుతదేమో."

"మరి మనం తట్టుకోగలమా?"

"ఏం జేస్తం అక్కా, వచ్చేదాన్ని ఆపుతమా? బియ్యం మూట కింద పెట్టకు, తడుస్తది. పైకెక్కించు. పరుపులు మేం డాబా మీదికి మోస్తున్నం. ముసలోళ్ళు, పసిపిల్లలు గూడ ఉన్నరు. జర పైలం!"

ఫోన్ పెట్టేసేసరికి బస్సులో ఒక్కరు కూడా మాట్లాడటం లేదు. సుబ్బరత్నం మాత్రం నలభై మూడు మందికి ఎన్ని మానికెల బియ్యం పోయాలా అని లెక్కలో పడింది. కండక్టరు బలరాం టికెట్ మిషన్ పట్టుకుని మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"ఎంతన్నరమ్మా?"

"నలభై మూడు."

"ఎవరు చెప్పిన్రు?"

"మా సారే. ఆయనకు పైవాళ్ళు ఫోన్ చేసి చెప్పారంట."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి నలభై మూడు అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. నలభై ఎనిమిదికి రెండోది. యాభై మూడుకు మూడోది. ఈ మూడు అంకెలు ఆ ఊరి పిల్లలకు ఎక్కాలకంటే ముందే వస్తాయి. వానాకాలంలో ఎవరైనా నలభై మూడు అంటే, ఏమిటి నలభై మూడు అని అక్కడ ఎవరూ అడగరు. బలరాం కూడా అడగలేదు. అతని ఇల్లు ఒడ్డున లోతట్టు కాలనీలో ఉంది. భార్యకు ఫోన్ చేసి, "సామాన్లు సదురు, నలభై మూడైందట" అన్నాడు. బస్సులో మిగతావాళ్ళు కూడా తమ తమ ఇళ్ళకు అదే మాట చెప్పారు.

కాలనీలో ఎవరూ అరవలేదు, ఏడవలేదు. గోదావరి డెబ్బై అడుగులు దాటిన ఏడు వాళ్ళు అవన్నీ చేసి చూశారు. పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లోకి వెళ్ళాయి. టీవీ దుప్పట్లో చుట్టుకుంది. గ్యాస్ సిలిండర్ గుమ్మంలోకి వచ్చింది. సర్కారు చాటింపు వచ్చేదాకా ఆగుదామని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు కూడా మూటలు కట్టుకుంటూనే ఆ మాట అన్నారు. సన్నగా వాన పడుతోంది, ఆకాశం కూడా పుకారు వైపే ఉంది.

ఈలోగా సువర్ణ మళ్ళీ ఫోన్ చేసి కారులో ఐదుగురు వస్తున్నారని, ఇంకో కారు కూడా బయల్దేరేలా ఉందని చెప్పింది. కోటేష్ బియ్యం లెక్క మళ్ళీ చూసుకున్నాడు. సారపాకలో కిరాణా కొట్టు నడిపే జంపయ్యకు ఫోన్ చేశాడు.

"జంపన్నా, నలభై ఎనిమిదైంది! యాభై మూడుకు పోయేటట్టుంది! జల్దీ బియ్యం బస్తాలు..."

"ఆయ్!" అన్న ఒక్క కేక వినబడి ఫోన్ కట్టయింది. చెప్పకముందే విషయం పట్టుకునే మనిషి, ఈ పాటికి బస్తాలు ఆటోకు ఎక్కిస్తుంటాడని కోటేష్ సంబరపడ్డాడు. జంపయ్య బస్తాలు ఎక్కించిన మాట నిజమే. కాని ఎక్కించింది తన ఇంటి పై అంతస్తుకు.

పదకొండు గంటలకు సువర్ణ మూడోసారి ఫోన్ చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"కోటేష్ గారూ, దర్శనం అయింది. కానీ ఇక్కడ జనమంతా ఇళ్ళు ఖాళీ చేస్తున్నారండీ. గోదావరి నలభై మూడు దాటిందట. మీకేమైనా తెలుసా?"

కోటేష్‌కు మొదటి ఏడు కళ్ళముందు తిరిగింది. అయినా శిక్షణలో చెప్పిన మొదటి పాఠం గుర్తుచేసుకున్నాడు: సమాచారాన్ని ధ్రువీకరించుకోవాలి. వెంటనే సారపాకకు ఫోన్ కలిపాడు. జంపయ్య బస్తా కింద ఉన్నాడు. అతని భార్య రామక్క ఎత్తింది.

"రామక్కా, గోదారి ఎంతుందట?"

"నలభై ఎనిమిదట తమ్మీ! యాభై మూడుకు పోతదట! ఎవరో తెలిసిన సారు ఫోన్ జేసి మరీ చెప్పిండట. మా ఆయన బస్తాలు మోస్తుండు. నేను పెడ్తున్న."

మనుషుల లెక్కలో పోయిన అంకె అడుగుల లెక్కలో తిరిగి వచ్చింది. కోటేష్ దాన్ని గుర్తుపట్టలేదు. గోడ మీది లైఫ్ జాకెట్ తీసి తొడుక్కున్నాడు.

"మేడం, నలభై మూడు పాత మాట. నలభై ఎనిమిది దాటింది. పక్కా సమాచారం. వంతెన మూయకముందే బస్సు, కార్లు ఇవతలికి దాటించండి."

అప్పటికే వంటింట్లోకి చేరిన సుబ్బరత్నం ఈ మాట విని గరిటె జారవిడిచింది. "పొద్దున నేనొచ్చేటప్పుడు నీళ్ళు మెట్ల కిందే ఉన్నాయే! మా అత్త ఆదెమ్మ ఒక్కతే ఉంది తమ్ముడూ కాలనీ ఇంట్లో. మోకాళ్ళు పనిచెయ్యవు," అంటూ కూలబడింది.

కోటేష్ ఆమెను చూశాడు. ఉన్నవి నలభై మంచాలు. వస్తున్నవాళ్ళు అంతకంటే ఎక్కువ. అందులో తన తలరాత రాసే మనిషి ఒకరు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటే అతను ఆ తరువాతి మాట అని ఉండేవాడు కాదు. అదృష్టమో దురదృష్టమో, ఆ ఘడియలో లెక్కపెట్టుకోలేదు.

"మేడం, ఇంకో మాట. కాలనీ దగ్గర బస్సు ఆపి ఆదెమ్మ అనే ముసలామెను ఎక్కించుకోండి. ఆమె ఎంబడి ఎవరొస్తమంటే వాళ్ళను గూడ ఎక్కించుకోండి. మా గుట్ట మీద భయంలేదు."

బస్సు కాలనీ ముందు ఆగింది. గుట్ట మీద భయం లేదన్న మాట వినగానే ముప్పై మంది ఎక్కారు. వాళ్ళతోపాటు టీవీలు, సిలిండర్లు, బియ్యం మూటలు, రెండు మేకలు, గంప కింద కోళ్ళు ఎక్కాయి. ఖమ్మం నుంచి ఒంటరిగా వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారి ఒళ్ళో ఎవరిదో గోడ గడియారం పెట్టారు. వంతెన మీదికి రాగానే అందరూ కిటికీల్లోంచి కిందికి చూశారు. గోదావరి చాలా కింద, ఎవరి జోలికీ పోకుండా నిదానంగా పారుతోంది.

"ఇదేంటి, నీళ్ళు పెద్దగా లేవే?" అన్నారు మాస్టారు.

"వచ్చే ముందు గట్లనే ఉంటది," అంది ఆదెమ్మ.

అంతకంటే అనుభవం ఉన్నవాళ్ళు బస్సులో లేరు కాబట్టి అందరూ నమ్మారు.

గుట్ట కింద కోటేష్ లైఫ్ జాకెట్‌తో, చేతిలో తాడుతో ఎదురొచ్చాడు. మంగీలాల్ దిగేవాళ్ళను తండా భాషలో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మేకల దగ్గర తప్పిపోయి మానేశాడు. అతిథులు యాభై మూడు, కాలనీవాళ్ళు ముప్పై. మొత్తం ఎనభై మూడు మందికి హేమలత దగ్గరున్న బియ్యం నలభై మూడు మందికి సరిపడా. సారపాక నుంచి బస్తాలు రాలేదు. జంపయ్య ఫోన్ ఎత్తడం లేదు.

కోటేష్ వంటింటి గుమ్మంలో నిలబడిపోయాడు. రెండో పాఠం ఏమిటో అతనికి గుర్తు రాలేదు. ఆదెమ్మ గోడ పట్టుకుని లేచి, తన మూట ముడి విప్పింది.

"నా బియ్యం పొయ్యండే. నీళ్ళ పాలయ్యే బియ్యం మనుషుల పాలైతే ఏంది?"

ఆమెను చూసి మిగతావాళ్ళు కూడా మూటలు విప్పారు. సుబ్బరత్నం లేచి కొంగు బిగించింది. కాలనీ ఆడవాళ్ళు నలుగురు పొయ్యిల దగ్గర కూర్చున్నారు. కాసేపటికి ఖమ్మం నుంచి వచ్చిన ఆడవాళ్ళు కూడా కత్తిపీటలు అడిగి తీసుకున్నారు. పప్పు, చింతకాయ పచ్చడి, వేడి అన్నం. వాన చూరు నుంచి కారుతుంటే, గడియారం యజమాని ఎవరో తెలియక మాస్టారు దాన్ని పక్కనే పెట్టుకుని తిన్నారు. గోదావరి ఎంత ఎక్కి ఉంటుందోనని అందరూ మెల్లగా మాట్లాడుకున్నారు. పోయిన వరదలో ఏమేం కొట్టుకుపోయాయో కాలనీవాళ్ళు చెబుతుంటే, టూరిస్టులు ముద్ద పట్టుకుని వింటూ ఉండిపోయారు. సువర్ణ మాత్రం అన్నీ చూస్తూ తిరుగుతోంది. ఆమె ముఖం చూసి ఏమీ తేల్చుకోలేక కోటేష్ అడగనివాళ్ళకు కూడా పప్పు వడ్డించుకుంటూ పోయాడు.

సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగిన కండక్టరు బలరాం, పెళ్ళాం పిల్లలు ఇక్కడున్నారని తెలిసి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే గుమ్మంలో కూలబడి నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం పెట్టాడు.

"గోదారి ఇరవై అడుగులే ఉందంట! ఘాటు కాడికి పోయి నా కండ్లతోని చూసిన. ఇంకా తగ్గుతుందంట. హెచ్చరిక లేదు, ఏం లేదు. ఎవడో పుకారు పుట్టించిండు!"

ఎనభై మూడు మంది ఒక్కసారి ఊపిరి వదిలారు. కోటేష్ ఒక్కడికే ఒళ్ళు మండింది. మూడేళ్ళ మంట అది.

"పోయినేడు పులి! ఈ ఏడు గోదారి! ఎవడో నా పొట్ట మీద కొడ్తుండు. ఇయ్యాల వాడెవడో తేలాలె. వాణ్ణి పోలీసు ఠాణాకు పట్టియ్యకుంటే నేను మంగీలాల్ కొడుకునే కాదు!"

"నాక్కూడా తెలియాలి," అంది సువర్ణ. "ఎక్కడ మొదలైందో కనుక్కుందాం."

మూడో పాఠం కోటేష్‌కు టక్కున గుర్తొచ్చింది: పుకారు మూలాన్ని గుర్తించాలి. జాకెట్ సర్దుకుని విచారణ మొదలుపెట్టాడు.

"మేడం, మీకెవరు చెప్పిన్రు?"

"కాలనీవాళ్ళు."

"నాకు బలరాం పెండ్లాం చెప్పింది," అంది ఆదెమ్మ.

"నాకు మా ఆయన ఫోన్ జేసిండు," అందామె.

అందరూ బలరాం వైపు తిరిగారు. బలరాం చెయ్యి చాపి వంటింటి గుమ్మం వైపు చూపించాడు. "నాకు ఈ అమ్మ చెప్పింది. బస్సుల అందరి ముందట. నలభై మూడని."

సుబ్బరత్నం భగ్గుమంది. "నేను గోదారి మాట ఎప్పుడన్నానయ్యా? నలభై మూడని మాత్రం... నలభై మూడని..." అంటూ ఆగిపోయింది.

"ఆగినవేంది అక్కా? నీకెవడు చెప్పిండు? పేరు చెప్పు, భయపడకు, నేనున్న!" అన్నాడు కోటేష్.

సుబ్బరత్నం అతన్ని జాలిగా చూసింది. "నువ్వే తమ్ముడూ," అంది.

సరిగ్గా అప్పుడే కోటేష్ ఫోన్ మోగింది. కంగారులో వేలు తగిలి అదే స్పీకర్లోకి వెళ్ళింది.

"తమ్మీ, జంపయ్యను. నువ్వు నలభై ఎనిమిదన్నంక ముప్పై బస్తాలు మీదికెక్కించిన, నడుం బోయింది. యాభై మూడైందా? బస్తాలు మీదనే ఉంచాల్నా, దించాల్నా?"

"దించు అన్నా," అన్నాడు కోటేష్.

లైఫ్ జాకెట్ ముడి ఎంత లాగినా రాలేదు. హేమలత వచ్చి విప్పింది. అతను ఎవరి ముఖమూ చూడకుండా తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "నాయనా, నీ చెలక ఖరాబు జేసిన. సోమవారం నుంచి మిల్లుకు పోత," అన్నాడు. మంగీలాల్ పక్కకు జరిగి చోటిచ్చాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

కాలనీవాళ్ళు తిడతారని కోటేష్ ఎదురుచూశాడు. తిట్టడానికి వాళ్ళకు హక్కుంది. కాని ఆదెమ్మ ముందు మాట్లాడింది.

"ఎందుకయ్యా గట్ల ముఖం పెడ్తవ్? వచ్చిన వరదను తిట్టినం గాని, రాని వరదను ఎవడన్న తిడ్తడా? నా ఇల్లు ఏడున్నదో ఆడనే ఉన్నది. కడుపు నిండ తిన్న. ఇగ ఛాయ్ పెట్టియ్యి."

ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ఎవరూ ఆపుకోలేకపోయారు. అందరికంటే గట్టిగా మాస్టారు నవ్వారు. ఆయన పక్కనున్న గోడ గడియారం ఐదు కొట్టింది. ఇంకా ఐదు కాలేదని ఎవరూ పట్టించుకోలేదు.

సువర్ణ నవ్వలేదు. "కోటేష్ గారూ, మీ ఫోన్ ఒకసారి ఇటివ్వండి," అంది. అతను నేరం ఒప్పుకున్నవాడిలా అందించాడు. ఆమె దాన్ని హేమలత చేతిలో పెట్టింది.

"వచ్చే శనివారం నుంచి బస్సు పంపిస్తాను. ఒకటే షరతు. ఫోన్ మీ దగ్గరే ఉండాలి."

కోటేష్ హేమలత వైపు, మళ్ళీ సువర్ణ వైపు చూశాడు. "మేడం, గింత జరిగినంక గూడ..."

"నలభై మంచాలు పెట్టుకుని, మా యాభై మూడు మంది చాలక ఇంకో ముప్పై మందిని రమ్మన్నారు. నిజంగా వరద వస్తే మా వాళ్ళను వదిలేసి పోయే మనిషి కాదని తెలిసింది. మిగతావి నేర్చుకోవచ్చు," అంది సువర్ణ. ఆఫీసు గది వైపు చూసి, "ఆ సర్టిఫికెట్ మాత్రం గోడ మీది నుంచి తీసేయండి," అని కూడా అంది.

తరువాతి శనివారం ఉదయం హేమలత, నలభై మూడు అనే మాట రాకుండా ఎలా చెప్పాలా అని బాగా ఆలోచించుకుని సుబ్బరత్నానికి ఫోన్ చేసింది. బస్సులో స్పీకర్ ఎప్పటిలాగే మోగింది.

"అక్కా, ఇయ్యాల ఇరవై ఒకటిన్నర జతలు. ఖమ్మం మాస్టారు మళ్ళ ఒక్కడే వస్తుండు."

టికెట్ మిషన్‌తో వస్తున్న బలరాంకు ఆ అంకె ఒక్కటే చెవిన పడింది. బస్సంతా వినబడేలా అరిచాడు. "గోదారి ఇరవై ఒకటిన్నరేనంట! ఎవరూ భయపడకున్రి!"

బస్సులో అందరూ నిమ్మళించారు. సగం జతగా వచ్చిన మాస్టారు మాత్రం ఆ మధ్యాహ్నం భోజనం పూర్తిగానే చేశారు.